గేటు ముందు రెమ్మలు

ఓస్లోలో మొదలైన స్కీ పోటీ ట్రాండ్‌హైమ్ మీదుగా వచ్చి మా వికెర్సుండ్‌లో ముగుస్తుంది. మిగతా ఊళ్ళలో కాళ్ళకు స్కీ పలకలు కట్టుకుని కొండ మీంచి దూకుతారు. మా కొండ మీంచి మాత్రం ఎగురుతారు. గాలిలో అంతసేపు ఉన్నవాడికి కింద అంతా తెల్లగా ఒకటే అయిపోయి, నేల ఎక్కడుందో తెలియదు. అందుకని దిగే చోట మంచు మీద స్ప్రూస్ చెట్ల పచ్చి రెమ్మలు చల్లేవారు. ఆ రెమ్మలు మా అడవివే. నా భర్త హాల్వర్ కొట్టేవాడు, నేను సంచుల్లోకి ఎత్తేదాన్ని. గురువారం గేటు దగ్గర పెడితే కొండ మీద పోటీ నడిపేవాళ్ళ బండి వచ్చేది. వాళ్ళు లోపలికి వచ్చి కాఫీ తాగి, ఈసారి ఎవడు గెలుస్తాడని హాల్వర్‌తో వాదులాడి వెళ్ళేవారు.

హాల్వర్ ఆకులు రాలే కాలంలో పోయాడు. ఆ వారం ఇల్లు పట్టనంత మంది వచ్చారు. తరవాత మంచు పడింది. ఎవరి దారి వాళ్ళది.

ఈ ఏడు రెమ్మలు నేనే కొట్టాను. గురువారం సంచులు గేటు దగ్గర పెట్టి, కప్పులు కడిగి బల్ల మీద బోర్లించాను. రోడ్డు మీద కార్లు కొండ వైపు పోతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. శుక్రవారమూ అంతే. రెమ్మల కోసం కూడా రాకపోతే మా ఇంటికి రావడానికి ఇంకెవరికీ పనేమీ లేదు. మధ్యాహ్నం పరదాలు లాగి పడుకున్నాను.

ఏడుపు వినిపించి మెలకువ వచ్చింది. తలుపు తోసుకుని వచ్చింది రోడ్డవతలి రాగ్నా. నల్ల శాలువా, చేతిలో తెల్ల పూలు. లేచి కూర్చున్న నన్ను చూసి కెవ్వుమంది.

“బతికే ఉన్నావా!”

“పడుకున్నాను. నీకేమైందే?”

“గేటు ముందు రెమ్మలు పరిచి ఉన్నాయి కదే!”

కిటికీలోంచి చూశాను. మంచు తోసే బండి నా సంచుల్ని ఈడ్చుకుపోయినట్టుంది. గేటు నుంచి రోడ్డు దాకా పచ్చగా రెమ్మలు. మా వైపు శవం ఇల్లు దాటే రోజున అలా పరుస్తారు. హాల్వర్ వెళ్ళిన రోజున నా చేత్తోనే పరిచాను.

“ఒక్క కబురైనా పెట్టలేదు, చచ్చినా దీని పొగరు చావలేదు అనుకుంటూ వచ్చాను” అంది రాగ్నా, ముక్కు తుడుచుకుంటూ.

“పూలు ఇటివ్వు. మళ్ళీ కొనక్కర్లేకుండా దాచిపెడతాను.”

ఇద్దరం నవ్వుతుండగా ఐవిన్ వచ్చాడు. హాల్వర్ చెల్లెలి కొడుకు, కొండ మీద పని. టోపీ తీసి గుమ్మంలో నిలబడిపోయాడు.

“అత్తా... నువ్వు...”

“ఇంకా పోలేదురా. రెమ్మల కోసం వచ్చావా?”

అతడు టోపీని చేతుల్లో తిప్పాడు.

“ఈసారి వద్దన్నారత్తా. మంచు మీద రంగు గీతలు గీస్తున్నారు. నీకు చెప్పమని నాకే అప్పగించారు. ఎలా చెప్పాలో తెలీక...”

“నోటితో చెప్పాల్సింది” అన్నాను.

కప్పులు తిప్పి కాఫీ పోశాను. స్లొవేనియా కుర్రాడే గెలుస్తాడంది రాగ్నా. మనవాడేనన్నాడు ఐవిన్.

“మీ మామ ఉంటే మీ ఇద్దరికీ బుర్ర లేదనేవాడు” అన్నాను.

“నా మొహం మీదే అనేవాడు!” అంది రాగ్నా. కాసేపు ఏటేటా ఉన్నట్టే ఉంది గది. అంతలో ఐవిన్ ఫోను మోగింది. వెళ్ళాలన్నాడు. రాగ్నా కూడా అతడి కారులోనే కొండకు బయల్దేరింది.

“ముందు ఆ రెమ్మలు ఊడ్చెయ్ అత్తా” అన్నాడు ఐవిన్ కారెక్కుతూ. “పోటీ అవగానే అందరూ ఈ దారినే తిరిగొస్తారు. చూశారంటే నీ ఇల్లు నిండిపోతుంది.”

కారు వెళ్ళిపోయింది. చీపురు పట్టుకుని గేటు దాకా నడిచాను. ఒక పక్క కాస్త ఊడ్చాను. అడవి అవతల జనం ఒక్కసారిగా మూగబోయారు. ఎవడో గాలిలో ఉన్నాడు. నేనూ చెయ్యి ఆపాను. ఎంతసేపటికో హోరు లేచింది. దిగాడు.

ఊడ్చిన రెమ్మల్ని కాలితో మళ్ళీ సర్దాను. చీపురు గేటుకు ఆనించి లోపలికి వచ్చి, పెద్ద కెటిల్ పొయ్యి మీద పెట్టాను.