ఫ్యాను కింద గోళీలు

గాజు చల్లారేటప్పుడు చప్పుడు చేయదు.

చప్పుడు చేసిందంటే పోయినట్టే.

టక్ — అంతే. ఎండిన పెసరకాయ చిట్లినంత చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం ఆమె ఎప్పుడూ ఒక చెవి అటు వేసి ఉంచుతుంది. అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా, బావ టీవీలో వార్తలు ఇల్లు ఎగిరిపోయేలా పెట్టుకుని వింటున్నా… ఒక చెవి షెడ్డు వైపే.

షెడ్డు అంటే అక్క వాళ్ల ఇంటి వెనక కారు పెట్టుకునే షెడ్డు. కారు అమ్మేశాక ఖాళీగా పడి ఉంటే ఆమె అడిగి తీసుకుంది. ఒక బల్ల. ఒక గ్యాసు బండ. బల్ల అంచుకు బిగించిన గొట్టం, దాని మూతిలో నీలి మంట. మూలన చిన్న బీరువా అంత ఎలక్ట్రిక్ బట్టీ. గోడ పొడవునా డబ్బాల్లో నిలబెట్టిన రంగురంగుల గాజు కడ్డీలు.

ఆమె గోళీలు చేస్తుంది.

అవును, గోళీలే. వీధంతా ఆమెను గోళీలావిడ అంటుంది. "మా ఇంట్లో నలభై ఏళ్ల పాప ఉంది, ఇంకా గోళీలాట మానలేదు" అని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తాడు. అక్క నవ్వదు. నవ్వకుండా లోపలికి వెళ్లి టీ తెస్తుంది. చెల్లెలికి బావ మాట కన్నా ఆ టీ ఎక్కువ మండుతుంది.

కడ్డీని మంటలో పెడితే ముందు ఏమీ కాదు. తర్వాత కొన ఎర్రబడుతుంది. తర్వాత మెత్తబడుతుంది. తర్వాత తేనెలా జారబోతుంది — జారనివ్వకూడదు. తిప్పాలి. తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే గోళీ లేదు, నేల మీద ఒక చుక్క ఉంది.

ముక్కు మీద దురద పుట్టినా తిప్పాలి.

ఫోను మోగినా తిప్పాలి.

ఎవరో గుమ్మంలో నిలబడి "ఇవి బజార్లో సంచీలకు సంచీలు దొరుకుతాయి కదండీ" అన్నా… పళ్లు బిగబట్టి తిప్పాలి.

వేడి మీద ఉన్నప్పుడు అన్నీ నారింజ రంగే. నీలం గాజూ నారింజే, పచ్చ గాజూ నారింజే. లోపల ఏ రంగు ఎలా తిరిగిందో, ఏ దారం ఎక్కడ తెగిందో చేసిన మనిషికి కూడా తెలియదు. గుండ్రంగా తిరిగిన గోళీని బట్టీలో పెట్టి తలుపు వేస్తే, అది మర్నాటి దాకా మెల్లగా, మెల్లమెల్లగా చల్లారుతుంది. అప్పుడు తలుపు తీసి చూడాలి. అప్పుడే మొదటిసారి కనిపిస్తుంది, తన చేతులు ఏం చేశాయో.

ఆ మొదటి చూపు కోసమే ఆమె ఇదంతా చేస్తుంది.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే బావకు ఇంకో జోకు దొరుకుతుంది.

ఆ రోజు బట్టీలో చిన్న గోళీల మధ్య ఒక పెద్ద గోళీ ఉంది. నిమ్మకాయంత. దాని నడిమధ్య తెల్లటి దారం — గాజు దారమే, వెంట్రుకంత — పైనుంచి కిందికి మెలికలు తిరుగుతూ దిగాలి. ఏళ్ల తరబడి ఆ దారం ఎక్కడో ఒకచోట తెగుతూనే వచ్చింది. సగంలో తెగేది. చివరి మెలికలో తెగేది. ఇక గట్టెక్కాం అనుకున్నప్పుడు తెగేది.

ఆ రోజు తెగలేదు. తెగలేదని చేతులకు తెలిసింది. కళ్లకు ఇంకా తెలియదు.

బట్టీ మీది ఎర్రలైటు ఆరింది. లైటు ఆరడం అంటే పని అయిపోవడం కాదు. వేడి పెట్టడం ఆగి, చల్లారడం మొదలవడం. అసలు గండం అప్పుడే మొదలు. అక్కకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిందే చెప్పరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు చెప్పింది. ఇంకోసారి చెప్పి, గ్యాసు బండ తెచ్చుకోవడానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి బట్టీ తలుపు బార్లా తీసి ఉంది.

లోపల ఏమీ లేదు.

హాల్లో భోజనానికి వచ్చి వెళ్లినవాళ్ల ఎంగిలి గ్లాసులు. బావ ఆఫీసువాళ్లు. గిర్రున తిరుగుతున్న ఫ్యాను. ఫ్యాను కింద టీపాయ్ మీద మడత పెట్టిన తువ్వాలు, దాని మీద గుండ్రగుండ్రంగా మాడిన మచ్చలు.

"లైటు ఆరిపోయింది కదే, అయిపోయాయేమో అనుకున్నా," అంది అక్క, గ్లాసులు తీస్తూ. "అప్పటికింకా చుర్రుమంటున్నాయి. పట్టకారుతో తీసి ఫ్యాను కింద పెట్టా."

పాలు చల్లార్చినట్టు.

"తలా ఒకటి ఇచ్చా. ఎంత ముచ్చటపడ్డారనుకున్నావ్. మా చెల్లెలు చేసింది అని చెప్పా."

మా చెల్లెలు చేసింది. ఇన్నేళ్లలో అక్క నోటి నుంచి ఆ మాట మొదటిసారి. ఆ మాట కోసం ఆమె ఎంతకాలం ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. వచ్చింది… రాక రాక ఇలా వచ్చింది.

అరికాలి మంట నెత్తికెక్కింది.

పెద్ద గోళీ షోకేసులో ఉంది. పింగాణీ కుక్కపిల్ల పక్కన. నీలం — ఆమె అనుకున్న నీలం కాదు, దానికన్నా లోతు. దారం తెగలేదు. పైనుంచి కిందికి ఒకే పోగు.

దాన్ని ఆమె మొదటిసారి అలా చూసింది. అద్దం అవతల. అందరూ చూసేశాక. తనకన్నా ముందు బావ మేనేజరు చూశాడు. మేనేజరు భార్య చూసింది. ఎవరో పళ్లలో పుల్ల పెట్టుకుని, ఇటూ అటూ తిప్పి, బాగుందే అని పక్కవాడికి ఇచ్చి ఉంటారు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఏమైందే? చక్కగానే ఉన్నాయిగా," అంది అక్క.

ఉన్నాయి. అదే కదా మంట. పగిలి ఉంటే ముక్కలు చూపించి ఏడవవచ్చు. తొందరగా చల్లారిన గాజు ఏమీ కానట్టే ఉంటుంది. పైన బిగుసుకుపోతుంది. లోపల ఇంకా వేడి. లోపలిది చల్లారి దగ్గరికి రాబోతే పైది కదలదు. అలా లోపల్లోపల గుంజుకుంటూ… గుంజుకుంటూ… రేపో, వచ్చే ఏడో, ఎవరూ ముట్టుకోకుండానే ఒక మధ్యాహ్నం — టక్.

ఇది మాటల్లో ఎలా చెప్పాలి? చెబితే వినేది ఎవరు?

షోకేసు తెరిచి గోళీ తీసుకుంది. అక్క చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయింది. అక్కడ రెండు నల్ల ఫిల్ము ముక్కలు ఉన్నాయి, పాడైపోయిన కాలిక్యులేటర్ల తెరల మీంచి ఒలిచినవి. వాటి మధ్య గోళీ పెట్టి లైటుకేసి పట్టింది. నెమ్మదిగా చల్లారిన గోళీ అయితే వాటి మధ్య చీకటిగా ఉంటుంది. ఇది చీకటిగా లేదు. పసుపు, గులాబి, నెమలికంఠం రంగు. నడుమ నల్లటి అడ్డగీత, నిలువుగీత.

"అబ్బ," అంది అక్క. "దీంట్లో ఇంత అందం ఉందా."

"అది అందం కాదక్కా. దాని నొప్పి."

అక్క ఫిల్ము దించింది. మళ్లీ ఎత్తి చూసింది. ఈసారి అబ్బ అనలేదు.

"మరి… వాళ్లకిచ్చినవి?"

"పగుల్తాయి."

"ఎప్పుడు?"

"నాకేం తెలుసు? వాళ్ల ఇళ్లల్లో, వాళ్ల టేబుళ్ల మీద పగుల్తాయి. మా చెల్లెలు చేసిందని చెప్పావుగా. చెప్పుకుంటార్లే."

అన్నాక కడుపు చల్లబడింది. చాలాసేపేమీ కాదు. అక్క మొహం చూశాక ఆ చల్లదనం కూడా చేదుగా తగిలింది.

దారి ఒకటే. మళ్లీ బట్టీలో పెట్టి మెల్లగా వేడెక్కించి, మళ్లీ మెల్లగా చల్లార్చాలి. నొప్పి పోవచ్చు. వేడెక్కేటప్పుడే పగిలిపోనూవచ్చు.

"వదిలెయ్యరాదూ," అంది అక్క. "ఉన్నన్నాళ్లు ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉందిగా."

చూడ్డానికి బాగానే ఉంది.

ఆ ఇంట్లో అన్నిటికీ అదే కొలత. గోడ చెమ్మగిల్లితే పైన రంగు వేస్తారు. షెడ్డుకు గడియ పెట్టించమంటే పూల కర్టెను వేలాడదీశారు. నలభై ఏళ్ల పాప అని బావ నలుగురిలో అంటే… టీ తెస్తారు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, "అలా అనకండి" అనడానికి అక్కకు నోరు రాలేదు. తన కోపమంతా బట్టీ తలుపు మీద కాదని, ఆ టీ కప్పుల మీద అని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిస్తే తగ్గుతుందంటారు. తగ్గలేదు, ఇంకా రాజుకుంది.

ఆ సాయంత్రం మంట వెలిగించింది. కడ్డీ తిప్పింది. దారం మొదటి మెలికలోనే తెగింది.

మళ్లీ తిప్పింది. మళ్లీ తెగింది.

పొద్దున లేచేసరికి గుమ్మంలో బావ గొంతు. "మేనేజరు ఇంటికెళ్లి గోళీ ఇమ్మని అడుగుతావా? నా పరువేం కావాలి?"

అక్క చెప్పులు వేసుకుంటోంది. పొరుగువాళ్లకు గిన్నె ఇస్తే ఆ గిన్నె కూడా తిరిగి అడగని మనిషి. ఇచ్చింది అడగడం అంటే తల తీసేసినంత పని ఆమెకు. చంకకు గుడ్డ సంచీ తగిలించుకుంది.

"టీ మీరే పెట్టుకోండి," అంది.

బావ లోపలికి పోయి టీవీ గొంతు పెంచాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగి వచ్చింది. మొహం కందిపోయి ఉంది. ఎండకో, మాటలకో. సంచీలో ఒక్కో గోళీ ఒక్కో పాత సాక్సులో. మేనేజరు ఇంటి గోళీ మాత్రం రెండు ముక్కలై వచ్చింది. చెప్పుల స్టాండు మీద ఉండగానే పగిలిందట. ముక్కల్ని కూడా తెచ్చింది. ఎవరేమన్నారో ఆమె అడగలేదు.

కోపం పోయిందా? పోలేదు. పోయిందంటే అబద్ధం. అక్క చెమట చూసి జాలి వేసింది, ఆ జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

గోళీలన్నీ బట్టీలో సర్దింది. పెద్దదాన్ని మధ్యలో పెట్టింది. తలుపు వేసింది. ఎర్రలైటు వెలిగింది.

ఆమె స్టూలు మీద కూర్చుంది. అక్క బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. పొమ్మందామనుకుంది, అనలేదు. వేడిని పిసరంత పెంచింది. ఆగింది. ఇంకో పిసరు పెంచింది. ఆగింది…

టక్.

లోపల.

ఏదో ఒకటి. చిన్నదో. పెద్దదో.

ఆమె చెయ్యి బట్టీ గడియ మీదికి పోయింది. తీయకూడదని వెయ్యిసార్లు చెప్పిన మనిషి చెయ్యే. ఒక్కసారి తీసి, ఒక్కటే చూసి, దారం ఉందో లేదో…

మణికట్టు మీద ఇంకో చెయ్యి పడింది. చెమటగా, బరువుగా.

"తియ్యకే. తీస్తే మిగతావీ పోతాయి. నువ్వేగా చెప్పావ్."

ఒళ్లు భగ్గుమంది. తన మాట. తన బట్టీ ముందు. తనకే. ఇన్నాళ్లూ వినని అక్క, ఇప్పుడా వినేది. చెయ్యి విదిలించుకుంది.

కాని గడియ తీయలేదు.

ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. అది ఆరాలి. ఆరాక రేపటిదాకా ఆగాలి. అంతవరకూ లోపల దారం ఒకటే పోగో, రెండు ముక్కలో ఎవరికీ తెలియదు. చేసిన చేతికీ తెలియదు, తీసిన చేతికీ తెలియదు.

ఇంట్లోంచి బావ టీవీ గోల. ఆ గోలలోంచి ఒక చెవి బట్టీ వైపు. ఆమెది.

పక్కనే ఇంకో చెవి. అక్కది.

గాజు చల్లారేటప్పుడు చప్పుడు చేయదు…