ఎర్రంచు మీద వచ్చిన కబురు

ధర్మయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని రెండో చీర నేస్తుండగా సావుకారి బాలకిష్టయ్య చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. మనిషి మనిషిలో లేడు.

"పడుగు కోసెయ్ ధర్మయ్యా," అన్నాడు నిలబడే.

ధర్మయ్య పేకపోగు తోసే నాడె ఆపాడు. ఆ మగ్గం మీద ఒక పడుగుకు మూడు చీరలు. నడుమ నూలు, రెండు పక్కల ఎర్ర పట్టు అంచు. ఒకటి దిగింది, రెండోది సగం దాటింది. ఇప్పుడు కోస్తే మిగిలేవి పీచుపోగులే. కొత్త పడుగెక్కించి పోగుకు పోగు అతికేదాకా మగ్గం పడుకుంటుంది.

"ఎందుకు సావుకారీ?"

"గీ కాయిదం జూడు. హైదరాబాద్ నుంచి మా షడ్డకుడు కంప్యూటర్ల పంపిండు. ఎర్రరంగు పట్టంచు చీర కడితే మూడు దినాలల్ల ఒళ్లంత బొబ్బలట. పోయిన సోమారం ఇద్దరు ఆడోళ్లు దవాఖానల పడ్డరట. చదివినోళ్లు పదిమందికి పంపాలెనట."

మూల కూర్చుని కండెలు చుడుతున్న రామేశ్వరమ్మ రాట్నం వదిలి లేచింది. "పెండ్లయి వచ్చినకాన్నుంచి గీ ఎర్రపోగు నోట్ల తడిపి అతుకుతున్న. నా నాలికె మీద బొబ్బ ఉన్నదా సూడుండ్రి!" అని మొగుడి ముందే నాలుక బయటపెట్టింది.

"నీ నాలికెకు ఏమైతది రామేశ్వరమ్మా, రంగే భయపడ్తది," అన్నాడు బాలకిష్టయ్య. నవ్వు రాబోయి ఆగిపోయింది. "మజాక్ కాదు. పట్నంల దుకాణాలోళ్లు ఎర్రంచు వద్దంటుండ్రు. రేపు పొద్దుగూకే యాల్లకు కోసిపెట్టు. పచ్చంచు పడుగు పంపిస్త."

"ఆ ఆడోళ్ల పేర్లేంది?" అన్నాడు ధర్మయ్య.

"కాయిదంల లేవు."

"ఏ సోమారం?"

"పోయిన సోమారమని జెప్తి గద!"

"కాయిదం ఇచ్చిపోండ్రి."

 బాలకిష్టయ్య వెళ్లాక ధర్మయ్య కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. అంతా ఇంగ్లీషు. అతను చదివింది ఊరి బడిలో ఐదు, అదీ తెలుగులో. అయినా ఏ బట్ట చేతికొచ్చినా ముందు అంచు చూడటం అతనికి అలవాటు. కాగితం అంచూ అలాగే చూశాడు. ప్రతి వరస మొదట్లో పిట్టముక్కుల్లాంటి గుర్తులు ఉన్నాయి. గోటితో లెక్కపెట్టాడు. తొమ్మిది. కింద వరసకూ తొమ్మిదే. దాని కిందా తొమ్మిదే. నడుమ ఒక్క వరసకు మాత్రం మూడే ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాడు. మూడే.

"నువ్వు జర మగ్గం మీద కూసో," అని పెళ్లానికి చెప్పి అంగీ తొడుక్కున్నాడు.

తొంభైతొమ్మిదిలో ఆ పేటవాళ్లకు ఈమెయిలు చూడాలంటే బస్టాండు పక్కన ఇస్రాయేలు పెట్టిన కంప్యూటర్ గదే దిక్కు. కాగితం అచ్చుతీసి సావుకారికి చదివి వినిపించింది అతనే.

"గీ పిట్టముక్కులేంది ఇస్రాయేలూ?"

"అవా? ఒకరికొచ్చింది ఇంకొకరికి పంపితే వరసకొకటి చేరుతదన్నా. తొమ్మిదంటే తొమ్మిదిమంది చేతులు మారినట్టు."

ధర్మయ్య వేలు నడుమ వరస మీద ఆనించాడు. "మరి గిదేంది, మూడే ఉన్నయి?"

ఇస్రాయేలు కళ్లద్దాలు పైకి తోసి వంగాడు. పెదాలు కదుపుతూ చదివాడు. "ఎర్రరంగు పట్టంచు చీర... ఓయమ్మ! చీర మాట ఉన్నది గీ ఒక్క వరసలనే అన్నా."

"అయితే గిది నడుమ అతికిన పోగు," అన్నాడు ధర్మయ్య. "ఆర్గురి చేతులు దాటినంక ఎవడో అతికిండు. ఎవరాయన?"

పంపినవాళ్ల పేర్లు కాగితం మీదే వరసగా ఉన్నాయి. ఇస్రాయేలు వెనక్కి మూడు లెక్కపెట్టాడు. పుణెలో ఎవరో ఆఫీసరు. "ఏం రాయమంటవు?"

"చీర నువ్వు జూసినవా అని అడుగు. గంతే."

మరునాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఇస్రాయేలు దాన్ని అచ్చుతీసుకుని నవ్వుకుంటూ సావుకారి దుకాణానికే నడిచాడు. ధర్మయ్య వెనకే ఉన్నాడు.

"అసలు ఆయనకొచ్చిన దాంట్ల తలనూనె అని ఉండెనంట సేటూ. ఆయన పెండ్లాం ఎర్రంచు చీర కావాలెనని పానం తీస్తుండెనంట. నూనె వరస తీసేసి చీర వరస రాసి ఆమెకు సూపిచ్చిండంట. ఆడికే ఊకోక దోస్తులకు గూడ పంపిండు."

"వాని తెలివి తెల్లారిపోను!" అన్నాడు బాలకిష్టయ్య. కాసేపటికి ముఖం మళ్లీ ముడుచుకుంది. "నాకు తెలిస్తే ఏం లాభం? దుకాణాలోళ్లకు తెల్వాలె గద."

ధర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "వచ్చిన తొవ్వనే వాపసు పంపాలె. అతికినోడే విప్పాలె."

బాలకిష్టయ్య కళ్లు మెరిశాయి. "రాయి ఇస్రాయేలూ! 'నేను అతికింది అబద్ధం' అని, ఎవరెవరికి పంపినవో అందరికి రాయాలె. రాయకపోతే, నీ ఇంటి అడ్రసు కనుక్కొని మీ ఇంటామెకే ఉత్తరం రాస్తమని రాయి!"

"గిది బెదిరింపు అయితది సేటూ."

"కానియ్యి!"

మెయిలు పోయింది. పడుగు సంగతి మాత్రం సావుకారి ఎత్తలేదు. కొయ్యమనలేదు, ఉంచమనీ అనలేదు. ధర్మయ్య అడగకుండా ఇంటికి వచ్చి గుంటలో దిగాడు.

నాలుగోనాడు షడ్డకుడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చీర మాట ఉత్త అబద్ధమని మెయిలు వచ్చిందనీ, దుకాణాల వాళ్లకూ ఆ కాగితమే చూపించాననీ. బాలకిష్టయ్య రొప్పుతూ ధర్మయ్య ఇంటికి వచ్చాడు.

"పడుగు కొయ్యకు ధర్మయ్యా! ఎర్రంచే పంపుమంటుండ్రు."

మగ్గం మీద రెండో చీర లేదు. అది మడతపెట్టి గూట్లో ఉంది. మూడోది మూర దాకా సాగింది.

"అరే, నేను కోసిపెట్టుమంటి గద?"

"అంటిరి," అన్నాడు ధర్మయ్య, నాడె విసురుతూ. "వెలుగుకు అడ్డం నిలబడ్డరు, జర పక్కకు జరుగుండ్రి."