నానసె వేసిన సముద్రం

మా బడి చిత్రకళ క్లబ్‌లో ఎవరి చెయ్యి బాగుంటే వాళ్ళే నాయకురాలు. పై తరగతి వాళ్ళు వేసవిలో తప్పుకుంటూ టోకోహా పేరు చెప్పేశారు, జిల్లా పోటీలో బహుమతి తెచ్చిందని. నలుగురిని కలుపుకుపోవడం వచ్చా అని అడిగినవాళ్ళు లేరు. నా పేరు మాకీ, నన్ను ఉపనాయకురాలిని చేశారు. అంటే కుంచెలు కడిగే పదవి.

టోకోహా మధ్యాహ్నం డబ్బా కూడా బొమ్మల గదిలో ఒక్కతే కూర్చుని తింటుంది. దానికున్న స్నేహితురాలిని నేనొక్కదాన్నే, నాదేమో వేరే తరగతి. అందుకే క్లబ్‌లోని చిన్న పిల్లలంటే దానికి ప్రాణం. పైకి మాత్రం చెప్పి చావదు. బడి పండుగ అవగానే ఆ పిల్లలు క్లబ్‌లో ఉంటారో మానేస్తారో తేల్చుకోవాలి.

"బొమ్మ అదిరిపోతే ఒక్కరూ వెళ్ళరు, చూస్తూండు," అనేది నాతో.

ఆ ఏడు పండుగకి మా రేవు బొమ్మ అనుకున్నాం. గోడంత చిత్తుబొమ్మను చదరాలుగా కోసి తలా ఒకటి ఇచ్చాం. ఎవరి ముక్క వాళ్ళే వెయ్యాలి, పక్కవాళ్ళది చూడకూడదు. అన్నీ అతికించి వేలాడదీసిన రోజునే మొత్తం కనిపిస్తుంది. మజా అంతా అందులోనే ఉంది.

అందరికంటే చిన్నది నానసె. తనకొచ్చిన సముద్రం ముక్కకి నారింజ రంగు వేసింది.

"ఏమే, అది సముద్రమా, కమలాపండు రసమా?" అని ఏడిపించాను.

"పొద్దున్నే మా నాన్న పడవ వచ్చేటప్పుడు అలాగే ఉంటుంది, సెన్‌పాయ్." పై తరగతి వాళ్ళను అలాగే పిలవాలి మా దగ్గర.

టోకోహా చూసి "బాగుంది" అంది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళగానే దాని మీద నీలం పూసింది. తర్వాత పక్క ముక్క అందుకుంది. ఆ తర్వాత ఇంకోటి.

"ఏం దిద్దాలో వాళ్ళకే చెప్పొచ్చుగా!" అన్నాను, ఒళ్ళు మండి.

"చెబితే చిన్నబుచ్చుకుంటారు, మాకీ. నేనే చేసేస్తే గొడవుండదు."

పండుగ రోజు వ్యాయామశాలలో బొమ్మ పైకి లేచింది. ప్రధానోపాధ్యాయుడు చప్పట్లు కొట్టి, "పిల్లలు వేశారంటే ఎవరు నమ్ముతారు!" అన్నాడు. నిజమే, ఎవరూ నమ్మరు. మా పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మెడలు చాచి ఎవరి ముక్క కోసం వాళ్ళు వెతుక్కుంటున్నారు.

"సెన్‌పాయ్, నాది చిరిగిపోయిందా?" అని టోకోహాను అడిగింది నానసె.

"లేదు. దాని మీదే... కొంచెం సర్దాను."

నానసె నడుము వంచి, "మీకు శ్రమ ఇచ్చాను, క్షమించండి," అంది. మిగతా పిల్లలూ వరసగా వంగారు. పెద్దవాళ్ళ మీద అరవడం మాకు తెలియదు. అరిచి ఉంటే ఎంత బాగుండేది! టోకోహా మొహం పాలిపోయింది.

ఆ సాయంత్రమే నానసెను బొమ్మల గదికి పిలిచి, కొత్త కాగితం, కుంచె ముందు పెట్టింది.

"మళ్ళీ వెయ్యి నానసె. నీకు నచ్చినట్టే వెయ్యి. రేపు నాది పీకేసి ఇదే అతికిద్దాం."

నానసె కుంచె తీసుకుంది. కాసేపు కాగితం వంక చూసింది. రెండు చేతులతో కుంచెను తిరిగి ఇచ్చేసింది.

"మీరే వెయ్యండి సెన్‌పాయ్. మీరు వేస్తేనే బాగుంటుంది."

అందులో వెటకారం ఇసుమంతైనా లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

ఆ పిల్ల వెళ్ళాక టోకోహా తనే కూర్చుని నారింజ సముద్రం వెయ్యబోయింది. ఎరుపు కలిపింది, పసుపు కలిపింది. కాగితం మీద కాగితం పాడైంది. జిల్లా బహుమతి చెయ్యి అది!

"ఆ రంగు ఎలా కలిపింది మాకీ, నువ్వు చూశావా?"

నేను చూడలేదు. తెలిసిన పిల్ల అప్పటికే బడి లోపల వేసుకునే చెప్పులు మార్చుకుని ఇంటికి వెళ్ళిపోయింది.