నెయ్యి చూసినట్టు

నందీశ్ జేబులోంచి పెన్ను తీసి కాగితం పక్కన పెట్టేసరికి, ఈ భోజనం ఊరికే పెట్టేది కాదని అంబికకు అర్థమైంది. వైను కంపెనీ తరఫున రైతుల దగ్గరికి తిరిగే మనిషి అతను. చిక్కబళ్ళాపురం దాటినాక కొండ కింద ఉన్న పెద్ద హోటల్‌కి మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కారులో తీసుకొచ్చాడు. కాగితంలో ఉన్న సంగతి ఒకటే: చింతామణి దగ్గర వాళ్ళ రెండెకరాల నల్లద్రాక్ష పీకేసి, కంపెనీ ఇచ్చే విదేశీ ద్రాక్ష అంటుమొక్కలు నాటాలి. బోరు ఎండిపోయిన ఏడాది అత్త లక్ష్మీదేవమ్మ బిందెలతో నీళ్ళు మోసి బతికించిన తీగలు అవి.

మొగుడు శ్రీనివాసమూర్తి ముఖంలో సంతకం అప్పుడే సగం అయిపోయింది. విదేశీ అన్న మాట వింటే చాలు, ఆయనకు ఇంటి పులుసు కూడా చప్పబడుతుంది.

"తిన్నాక పెడతార్లేప్పా సంతకం," అంది అంబిక. "ఆకలిమీద చదివితే అక్షరాలు అలుక్కుపోతాయి."

మెనూలో 'వేటగాడి కౌజు పిట్ట' అని ఉంది. వెయిటర్ని అడిగింది: "ఏ వేటగాడు కొట్టినాడప్పా?"

వెయిటర్ గొంతు తగ్గించాడు. "వేట యాడుండాది మేడం ఇప్పుడు? కేసు పెడతారు. ఫారంలో పెంచినవే. ఆ పేరు పెడితే బాగా అమ్ముడుపోతాయని."

"అట్ల చెప్పు. తీసుకురా."

మిరియాలు దట్టించి, పిట్ట బాగానే చేశారు. మగవాళ్ళిద్దరూ చాకులు పట్టుకుని దాన్ని ప్లేటంతా తరుముతుంటే, అసలు వేట ఇదేనేమో అనిపించింది. అంబిక చేత్తో తినేసి ఎముకలు ఒక పక్కన పేర్చింది.

నందీశ్ వైను పోశాడు. "మా కంపెనీలో ఎక్కువ పోయేది ఇదేనమ్మా. నూటికి నూరు విదేశీ ద్రాక్ష. రేపు మీ తోటలో పండబోయేది కూడా అదే."

శ్రీనివాసమూర్తి గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏం వాసనప్పా! ఫారిన్ ఫారినే!" ఆయన చూసిన పరదేశం హిందూపురం.

అంబిక తాగదు. కానీ ఆ వాసన ఆమెను దాటి పోలేదు. చింతామణి సంతలో నెయ్యి కొనేటప్పుడు అత్త చేసేటట్టే, ఒక చుక్క చేతి వెనక వేసుకుని, రెండో చేత్తో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. కోతల నెలలో ఇల్లంతా, దిండు గలీబులతో సహా, నింపే వాసన. మూడుసార్లు ఉతికినా చీరను వదలని వాసన.

"నందీశప్పా, ఇందులో మా నల్లద్రాక్ష ఉండాది."

"లేదమ్మా, ఇది..."

"పద్దెనిమిదేండ్లుగా ఆ వాసనలో పండుకుని లేస్తాండాను. నాకా చెప్పేది?"

నందీశ్ వెయిటర్ వైపు చూశాడు. పేరొకటి, సరుకొకటి అని ఆ వేటగాడి సంగతి ఇంతకుముందే బయటపడింది కదా. "పావు వంతు కలుపుతామమ్మా," అన్నాడు చివరికి. "లేకపోతే వాసన రాదు. జనం తాగరు."

"ఈ కాగితం మాకొక్కరికే ఇచ్చినారా?"

"చుట్టుపక్కల అందరికీ ఇస్తాండాం."

"అందరూ పీకేస్తే ఆ పావు వంతు యాడినుంచి తెస్తారప్పా?"

నందీశ్ ఫోను పట్టుకుని బయటికి పోయాడు. అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాడు, అటూ ఇటూ నడుస్తూ, తల గోక్కుంటూ. శ్రీనివాసమూర్తి గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

"నాకు ముందే అనుమానం వచ్చింది," అన్నాడు.

"వచ్చింటుంది," అంది అంబిక.

నందీశ్ తిరిగొచ్చి, 'పీకేసి' అన్న వాక్యం అడ్డంగా కొట్టేశాడు. దాని పక్కన, నల్లద్రాక్షను కంపెనీయే కొంటుందని రాశాడు. అంబిక అది రెండుసార్లు చదివింది. కడుపు నిండింది కాబట్టి అక్షరాలన్నీ తేటగా కనపడ్డాయి. పెన్ను మొగుడికిచ్చి, వెయిటర్ని పిలిచింది.

"ఇంకొక పిట్ట తీసుకురాప్పా. ఈసారి వేటగాడు వద్దు."