చెవిటి కణాలు

ఆకలి హార్మోను ఒక్క చుక్క పడగానే ల్యాబ్‌లో పక్క గాజు డిష్‌లోని మెదడు కణాల్లో జన్యువులు మేలుకున్నాయి. నా డిష్‌లో ఉలుకూ పలుకూ లేదు.

"ఈ మొద్దు కణాలకి చెవుడా ఏంటి మేడం?" అని విసుక్కున్నాను.

"వినికిడి తక్కువంతే. పదింతలు పోసి చూడు."

పోశాను. అప్పటికి గానీ జన్యువుల్లో కదలిక రాలేదు.

మేడం డిష్ మూత చూసి, "నంబరు వెయ్యాల్సిన చోట 'నేను' అని రాశావేంటమ్మా?" అంది.

నాకే తెలియలేదు. తుడిచేశాను.

అమ్మ పోయి ఏడాదైంది. ఉన్నన్నాళ్ళూ అన్నానికి రమ్మని పదిసార్లు పిలిచేది. చెవుల్లో పాటలు పెట్టుకుని, పదకొండోసారికి చిరాగ్గా లేచేదాన్ని.

ఇప్పుడు సగం పిలుపుకే పరిగెత్తుకొస్తాను. ఒక్కసారి పిలువమ్మా.