పాలు పొంగిన స్టేషన్

సవతి నగలకు మెరుగు పెట్టమంటే ఎవరికైనా ఒళ్ళు మండదూ? ఆమెకీ మండుతూనే ఉంది. అయినా స్టేషన్ గంటను తోముతూనే ఉంది.

“ఇంకాస్త గట్టిగా రుద్దవే. అందులో నా మొహం కనబడాలి” అన్నాడు భర్త, కుర్చీలోంచి కదలకుండా.

కనబడింది. ఆయనది కాదు, ఆమెది. గంట వంపులో బుగ్గలుబ్బి, ముక్కు వంకరై, అచ్చం కుళ్ళుబోతు మొహంలా.

ఆ స్టేషన్‌కి ఆయన ఆఖరి మాస్టారు. ఊరి కొండ నుంచి రాయి మోయడానికి వేసిన లైను అది. రాయి అయిపోయాక మనుషుల్ని మోసింది. ఊళ్ళోకి బస్సులొచ్చాక మనుషులూ తగ్గారు. చివరికి రైల్వేవాళ్ళు పట్టాలు కూడా పీక్కుపోయారు. ఆవేళ ఆయన ఏడ్చినంతగా కన్నతల్లి పోయినప్పుడు కూడా ఏడవలేదు. పక్కనున్న క్వార్టర్‌ని అద్దెకి తీసుకుని అక్కడే పాతుకుపోయాడు. ఇప్పుడు ఊరివాళ్ళు స్టేషన్‌కి రంగులేయించి మ్యూజియం చేశారు. రేపు ప్రారంభం. చరిత్ర చెప్పేది మాస్టారు, టీ పెట్టేది మాస్టారి భార్య.

కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. గంట మోగితే చాలు, నోటిదాకా వచ్చిన ముద్ద కంచంలో పడేసి పరిగెత్తేవాడు. పక్కనే ఆమె జ్వరంతో మూలుగుతున్నా వినపడని చెవులకి, మైలు దూరాన రైలు కూత వినపడేది. “మొగుడు తాగుబోతైతే ఏడ్చేవాళ్ళని చూశాను, తిరుగుబోతైతే ఏడ్చేవాళ్ళని చూశాను. మొగుడి ఉద్యోగాన్ని చూసి కుళ్ళేదానివి నువ్వొక్కదానివే తల్లీ” అనేది అత్తగారు. ఆ మాట ఇంట్లో జోకై స్థిరపడిపోయింది. నిన్నగాక మొన్న కోడలు కూడా “అత్తయ్యా, మీ సవతి రంగేసుకుంది, చూశారా?” అని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ సవతి చెయ్యి తనూ కొంతకాలం పట్టుకుందని కోడలికేం తెలుసు?

అప్పట్లో పట్టాలు మార్చి బళ్ళని పంపే పాయింట్స్‌మన్ కాలు విరిగి మంచాన పడ్డాడు. బదులు మనిషిని పంపమంటే పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. అక్కడ ఆగని బండికి కూడా, ముందు లైను ఖాళీగా ఉందని చెప్పే ఇనుప బిళ్ళని తోలుసంచిలో పెట్టి, పెద్ద బెత్తపు రింగుకి కట్టి అందించాలి. అది చేతికందకుండా డ్రైవర్ ముందుకు పోకూడదు. మాస్టారేమో లోపల ఫోన్ దగ్గరుండాలి. “రూలు ప్రకారం తప్పే. ఎవరితోనూ అనకు” అంటూ రింగు ఆమె చేతికిచ్చాడు.

మొదటిసారి కళ్ళు మూసుకుంది. తర్వాతెప్పుడూ మూసుకోలేదు. ప్లాట్‌ఫాం అంచున చెయ్యెత్తి నిలబడితే, అంత పెద్ద ఇంజనూ తనకోసమే వస్తున్నట్టుండేది. డ్రైవర్ మోచెయ్యి రింగులో దూరి లాక్కుపోయేది. జుట్టు రేగిపోయేది, భుజం జివ్వుమనేది. ఆ జివ్వు మీదే సాయంత్రం దాకా అంట్లు తోమేసేది, బట్టలుతికేసేది. అలా రెండు వానాకాలాలు. ఒక్క బండీ తప్పలేదు, ఆ చివరి రోజున తప్ప.

ఆ రోజు ఇంజన్ మీదికొచ్చేసింది. ఆమె చెయ్యెత్తింది. నీళ్ళు తాగడానికి క్వార్టర్లోకి వెళ్ళిన ఆయన వెనకనుంచి కేకేశాడు. “ఏమేవ్! పాలు పొంగుతున్నాయి!” తల తిరిగింది. రింగు జారింది. బండి కీచుమంటూ ఆగింది. డ్రైవర్ దిగొచ్చి, తిట్టుకుంటూ రింగు ఏరుకుని వెళ్ళాడు. “ఆడదాని చేతికివ్వడం నాదే బుద్ధి తక్కువ” అన్నాడాయన. పాలగిన్నె ఆయన చేతికందే దూరంలోనే ఉంది. మర్నాడే బదులు మనిషి ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు.

ప్రారంభం రోజు స్టేషన్ కిటకిటలాడింది. ఆమె ఇస్త్రీ చేసిన యూనిఫాంలో ఆయన మెరిసిపోతున్నాడు. రాయి గురించి చెప్పాడు, లైను గురించి చెప్పాడు, తర్వాత గోడకున్న రింగు తీసి ఊపాడు.

“ఒకసారి మా ఆవిడ సరదాపడి, నేనిస్తానంది. సరే అన్నాను. ఏమైందనుకున్నారు? బండే ఆగిపోయింది! ఆడవాళ్ళ చేతికి గరిటే అందం బాబూ!”

జనం పగలబడి నవ్వారు. కోడలు కూడా.

రెండు వానాకాలాలు ఒక్క సరదా అయిపోయాయి.

స్టవ్ మీద పాలు పెట్టి, క్వార్టర్ కిటికీలోంచి చూస్తోంది ఆమె. కడుపులో పాత మంట లేచింది. ఎన్నేళ్ళుగానో ఎరిగిన మంటే. కానీ అది ఎటు ఎగబాకుతోందో ఇవాళే కనబడింది. స్టేషన్ వైపు కాదు. ఇన్నాళ్ళూ అందరూ పొరబడ్డారు, తనతో సహా. మొగుణ్ణి లాక్కుందని స్టేషన్ మీద కుళ్ళలేదు తను. స్టేషన్ని లాక్కున్నాడని మొగుడి మీద కుళ్ళింది.

స్టవ్ ఆర్పలేదు. చేతులు తుడుచుకుని ప్లాట్‌ఫాం మీదికి నడిచింది. జనం దారిచ్చారు. ఆయన చేతిలోంచి రింగు తీసుకుంది.

“ఏంటిది?” అన్నాడు, నవ్వు చెరగకుండా, పళ్ళ సందునుంచి.

“ఇక్కణ్ణుంచి నేను చెబుతాను, మీరు కాస్త జరగండి.”

అంచున నిలబడింది. ఎదురుగా పట్టాల్లేవు, గడ్డి ఉంది. చెయ్యెత్తింది. భుజం జివ్వుమంది.

“రెండు వానాకాలాల పాటు, ఇక్కడ ఆగని బండ్లన్నిటికీ రింగు అందించింది నేనే” అని మొదలుపెట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

క్వార్టర్లోంచి పాలు పొర్లిన వాసన వచ్చింది. ఆయన మొహం వెలిగింది.

“ఏమేవ్! పాలు పొంగుతున్నాయి!”

ఆమె తల తిప్పలేదు.

“బండొస్తోంది. మీరెళ్ళి దించండి.”