సాంచాల మోతలో తీసిన మూకీ

నాకు రెండు ఆశలుండేవి. నేను తీసిన మూకీ సినిమా చూసి జనం ఏడవాలి. అందులో నటించిన సుమలతకు నా మనసు తెలియాలి. రెండోది చెబుదామంటే నోరు పెగల్లేదు. మూకీ తీసేవాడికి తగిన రోగమే!

చిన్న సినిమా. నలుపు తెలుపు, మాటలకు బదులు అక్షరాల అట్టలు, చివర్లో బొమ్మ చుట్టూ చీకటి గుండ్రంగా మూసుకుపోవడం, అన్నీ పాతకాలపు పద్ధతులే. సిరిసిల్లలో సుమలత పనిచేసే మరమగ్గాల కార్ఖానాలోనే తీశాను. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కవాడు అరిచినా వినబడదు.

"సినిమాల మాట ఎట్లాగూ ఇనపడది. కెమెరా దిక్కు చూసి నోటికొచ్చింది అను. బాధ మొహంల కనపడాలె," అని ముందే ఆమెకు చెప్పాను.

ఆమె సూటిగా కెమెరాలోకి చూసి ఏదో అంది. కళ్ళు తడిగా మెరిశాయి. కెమెరా వెనకున్న నాకు సాంచాల మోతే వినిపించింది. ఆ షాట్ పక్కన 'ఇక మనం కలవం' అనే అట్ట పెట్టాను.

జగిత్యాలలో వేస్తే జనం ముక్కులు చీదారు. మా కోరుట్లలో అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. గాల్లో తేలుతూ సిరిసిల్ల వచ్చి కార్ఖానా గోడకు తెర కట్టాను. సినిమాకు వాద్యం కోసం నా వెంట వచ్చిన భూమన్న హార్మోనియం మీద విషాదరాగం ఎత్తుకున్నాడు. తెరనిండా సుమలత ముఖం రాగానే అందరూ ఘొల్లున నవ్వారు!

నా ప్రాణం పోయినంత పనైంది. పక్కనే ఉన్న లక్ష్మవ్వ చిన్నప్పటి నుంచీ కార్ఖానాలోనే పనిచేస్తోంది. "ఎందుకు నవ్వుతుండ్రు అవ్వా?" అని అడిగాను.

"గా మోతల మేం పెదవులు సూసే మాట్లాడుకుంటం కొడుకా. నీ అట్టల రాసింది పిల్ల అంటలేదు. 'ఓ వేణూ, ఇంకెన్ని దినాలు దాస్తవు? మా బాపును అడుగు' అంటున్నది."

ఎడిటింగ్‌లో ఆ పెదవుల మీద నా పేరును ఎన్నిసార్లు చూశానో! కోరుట్లవాడిని, పెదవులు చదవడం నాకేం తెలుసు? ఒళ్ళంతా ఝల్లుమంది. సుమలత కోసం వెతికాను. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు దాస్తే ఏం లాభం!

ఇంతలో ఆమె తండ్రి రాజలింగం లేచాడు. ఆయనదీ సాంచాల పనే. అంత దూరం నుంచి నాకేసి చూస్తూ పెదవులు మాత్రం కదిపాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లక్ష్మవ్వ వైపు తిరిగాను.

"ఏమంటుండు అవ్వా? జల్ది చెప్పు!"

"వచ్చే ఐతారం మీ అమ్మను తోల్కొని రమ్మంటుండు. సినిమాల తీరు కాదట, నోరు తెరిచి అడగాలెనట."